ఓడ ముందు డెక్కు గేటుకు వేలాడే బోర్డు గారికి

మహారాజశ్రీ ‘సిబ్బందికి మాత్రమే’ బోర్డు గారి సముఖమునకు,

కడప నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మొన్న విహార ఓడలో సముద్ర పక్షుల్నీ డాల్ఫిన్లనూ చూద్దామని వచ్చి, మధ్యాహ్నం భోజనాలు మొదలు పొద్దుగూకేదాకా తమరి ఎదుట నిలబడి, తమరి వెనకున్న సముద్రాన్ని ఊహించుకొని తరించినాము.

ఓడ కరపత్రంలో డాల్ఫిన్ ఎగురుతా ఉంది. దాన్ని ఎక్కడ నిలబడి చూడాలో మాత్రం రాయలేదు. మాకు చూపించిన చోటు పన్నెండో అంతస్తు, ఈతకొలను వెనకాల, డీజే పెట్టెల పక్కన. అంత ఎత్తు నుంచి అలలకు ఆనుకొని పోయే పిచ్చుకంత స్టార్మ్ పెట్రెల్ పక్షి ఎట్లా కనపడుతుంది సామీ?

ముందు డెక్కే ఎందుకంటారా? ఓడ మూతి నీళ్లను తోసుకుంటూ పోయేటప్పుడు లేచే అల మీద తేలిపోవడం డాల్ఫిన్లకు సరదా. అందుకని అవి వస్తే మూతి దగ్గరికే వస్తాయి. ఓడకు బెదిరి ఎగిరే చేపలు నీళ్లలోంచి లేచేదీ ముందరే, వాటిని పట్టుకోవడానికి బూబీ పక్షులు ఓడతో పాటు ఎగిరేదీ ముందరే. వెనక డెక్కులో ఉండేది ప్రొపెల్లరు నురగ. ఓడ వేగం 18 నాట్లు, అంటే గంటకు 33 కిలోమీటర్లు. ముందు నిలబడ్డోడికి పక్షి దూరం నుంచే కంటబడి, దాటిపోయేదాకా చూపుకు అందుతుంది. పక్క డెక్కులోవాడు బైనాక్యులర్ ఎత్తేలోపే అది వెనకబడిపోతుంది. పక్షిని పక్కవాళ్లకు చూపించాలంటే గడియారం లెక్క చెబుతారు కదా, మూతి పన్నెండు, కుడి మూడు, తోక ఆరు. ఆ పన్నెండు తమరి తాళం లోపల ఉంది. మాకు మిగిలింది సగం గడియారం.

పైగా నడి బంగాళాఖాతంలో మేతే తక్కువ. గంగ, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్లు పైపొరగా పరుచుకొని, అడుగున ఉన్న సారాన్ని పైకి రానివ్వవు. తీరం పక్క లోతు తక్కువ నీళ్లలో ఇంకాస్త నయం, కానీ ఓడ సాయంత్రం బయలుదేరి దాన్ని చీకట్లోనే దాటేస్తుంది. కాబట్టి గంటల తరబడి కాచుకుంటే ఒకటో రెండో వస్తాయి. ఆ ఒకటీ వచ్చేది తమరి వెనక!

ఓడ అంగట్లో అమ్మే ఇరవై రెట్ల బైనాక్యులర్ సంగతి వేరే రాస్తా. ఊగే డెక్కు మీద ఎనిమిది రెట్లు దాటితే చేతి వణుకు కూడా అన్ని రెట్లవుతుంది. 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పుండేది చాలు. ఏసీ గదిలోంచి తెస్తే అద్దం మంచుపట్టి పావుగంట పనికిరాదు, ఉప్పు తుంపర పడితే మంచినీళ్లతో కడగకుండా తుడవకూడదు. ఇవి కూడా ఎవరూ చెప్పరు.

కనపడని పక్షి కోసం కాచుకోవడం మా కడపోళ్లకు చేతకాదనుకోవద్దు. 1900లో అనంతపురం దగ్గర చివరిసారి కనపడిన కలివికోడి 1986లో మా జిల్లాలోనే మళ్లీ దొరికింది. ఇప్పటికీ లంకమల పొదల్లో రాత్రిళ్లు దానికోసం వెతుకుతానే ఉన్నారు. కానీ అది కరపత్రమెక్కి ‘రండి, కనపడతా’ అని ఎన్నడూ టికెట్లు అమ్మలేదు.

లోపల లంగరు గొలుసు, తాళ్లు చుట్టే యంత్రాలు ఉంటాయి, జారితే కాలు విరుగుతుంది, ఒప్పుకున్నాం. రేవు దాటినాక వాటికేం పని? తెల్లారినాక రెండు గంటల సేపు, ఒక మనిషిని కాపలా పెట్టి, పదేసి మందిని వదిలితే ఓడ మునుగుతుందా? డబ్బులు తీసుకొని సముద్రానికి తాళమేస్తారా? ఇదేం వ్యాపారమప్పా!

ఇట్లు,
సగం గడియారం ప్రయాణికుడు

తా.క.: రాత్రిపూట డెక్కు దీపాలు తగ్గించమని తమరి పైవాళ్లకు చెప్పండి. ఆ వెలుగుకు పెట్రెల్‌లు వచ్చి డెక్కు మీద పడతాయి. దెబ్బ తగలని పక్షికి నీళ్లూ తిండీ పెట్టొద్దు. గాలాడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి, తేరుకున్నాక వెలుగు లేని పక్కనుంచి రాత్రే వదలాలి. అట్టపెట్టె వంటవాళ్లను అడిగితే ఇస్తారు. దానికింకా బోర్డు పెట్టలేదు.