భాగహారం ఒక్కటే చాలదు: మరణాల లెక్కపై తిరుగుతున్న సందేశానికి జవాబు

కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "జనాభా ఎంతో జనగణన చెబుతుంది. ఎంతమంది చనిపోయారో మరణాల రిజిస్టరు చెబుతుంది. భాగిస్తే మరణాల రేటు వస్తుంది. బడిపిల్లలు చేయగల ఈ లెక్కకు నిపుణులెందుకు? 'సవరణ', 'అంచనా' అనే పేర్లతో అంకెలను తమకు కావలసినట్టు వంచడానికే. జపాన్‌లో ఏటా వెయ్యికి పన్నెండు మంది పోతున్నారు, ఖతార్‌లో ఇద్దరు కూడా పోవడం లేదు. అయినా జపాన్ వాళ్లే ఎక్కువకాలం బతుకుతారని మనల్ని నమ్మిస్తున్నారు. రికార్డుల్లో రెండు మూడు శాతం తేడా ఉంటే కొంపలేమీ మునగవు."

ఏళ్ల తరబడి జనాభా, మరణాల పట్టికలతోనే కుస్తీ పడుతున్నాను కాబట్టి దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేకపోయాను. ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువ. సగం నిజాలే ఎక్కువ, అందుకే నమ్మేవారూ ఎక్కువ.

ముందు జపాన్ సంగతి చూద్దాం. ఎక్కువమందిని ఒప్పిస్తున్నది అదే.

అంకెలు తప్పు కావు. 2022లో జపాన్‌లో దాదాపు 15.7 లక్షల మంది మరణించారు. జనాభా సుమారు 12.5 కోట్లు. అంటే వెయ్యికి పన్నెండు దాటింది. ఖతార్‌లో రెండుకు లోపే, అదీ నిజమే. అయితే ఖతార్ జనాభాలో అత్యధికులు పనికోసం బయటి దేశాల నుంచి వచ్చిన వయోజనులు, అందులోనూ మగవారు. పని అయిపోయాక, వయసు మీద పడ్డాక సొంత దేశాలకు వెళ్లిపోతారు. వారి మరణాలు అక్కడి లెక్కల్లో చేరతాయి. జపాన్‌లో పది మందిలో దాదాపు ముగ్గురు అరవై అయిదు దాటినవారు.

కాగితం మీద ఒక చిన్న లెక్క వేసి చూడండి. మొదటి ప్రాంతంలో పదివేల మంది. అందులో 9,000 మంది వయసులో ఉన్నవారు, వెయ్యికి ఇద్దరు చొప్పున 18 మంది పోయారు. మిగిలిన 1,000 మంది వృద్ధులు, వారిలో 50 మంది పోయారు. మొత్తం 68, అంటే వెయ్యికి 6.8. రెండో ప్రాంతంలోనూ పదివేల మందే. వయసులో ఉన్నవారు 6,000, వెయ్యికి ఒక్కరు చొప్పున ఆరుగురే పోయారు. వృద్ధులు 4,000, వెయ్యికి నలభై చొప్పున 160 మంది పోయారు. మొత్తం 166, వెయ్యికి 16.6. ఏ వయసువారిని తీసుకున్నా రెండో ప్రాంతంలోనే చావు తక్కువ. మొత్తంగా భాగిస్తే మాత్రం ఆ ప్రాంతమే రెండింతలకు పైగా ప్రమాదకరంగా కనిపిస్తుంది. వయసులవారీగా విడదీసి చూడటాన్ని అంకెలు వంచడం అంటే, ఇక సరిగా చూడటాన్ని ఏమనాలి?

ఆ భాగహారంలో ఇంకో చిక్కు ఉంది. జనగణన సాధారణంగా పదేళ్లకోసారి, ఒక నిర్ణీత తేదీ నాటి లెక్క. మరణాలు ఏడాది పొడవునా జరుగుతాయి. హారంలో ఉండవలసింది ఆ ఏడాదిలో అందరూ కలిసి బతికిన కాలం. డిసెంబరులో పుట్టి జనవరిలో పోయిన పసికందు జననం ఒక ఏడాది ఖాతాలో, మరణం మరో ఏడాది ఖాతాలో పడుతుంది. ఎవరి మరణం ఏ సంవత్సరపు జననాలకు చెందుతుందో విడదీయడానికి జర్మన్ గణాంక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ లెక్సిస్ 1875లోనే వయసునూ క్యాలెండరునూ ఒకే పటంలో చూపే పద్ధతి వివరించాడు. అతని పేరుతోనే ఆ పటాన్ని నేటికీ వాడుతున్నారు.

"జనగణన అంటే తలల లెక్క, అందులో తప్పెలా వస్తుంది?" అన్నది మరో వాదన.

తప్పు ఎంత వచ్చిందో జనగణన చేసినవారే కొలిచి ప్రకటిస్తారు. జనగణన ముగిశాక కొన్ని ప్రాంతాలను ఎంచుకుని, వేరే సిబ్బందితో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి రెండు జాబితాలనూ పోల్చి చూస్తారు. భారతదేశంలో 2011 జనగణన తర్వాత అలా చూస్తే, ప్రతి వెయ్యి మందికీ నికరంగా 23 మంది లెక్కకు రాలేదని తేలింది. 121 కోట్ల జనాభాలో అది రెండున్నర కోట్లకు పైమాటే. అమెరికా 2020 జనగణనలో దేశం మొత్తం మీద తేడా దాదాపు కనిపించలేదు. కానీ హిస్పానిక్ జనాభాలో సుమారు 5 శాతం, అయిదేళ్లలోపు పిల్లల్లో సుమారు 2.8 శాతం తప్పిపోయారు. మరికొన్ని వర్గాలవారు రెండుసార్లు లెక్కకెక్కారు. ఎక్కువలూ తక్కువలూ ఒకదాన్నొకటి కప్పేసుకుని మొత్తం సరిపోయినట్టు కనిపించింది, అంతే.

తలలు సరిగ్గా లెక్కపెట్టినా వయసులు మిగిలే ఉంటాయి. గుమ్మంలో నిలబడి గణకుడు అడుగుతాడు: "మీ మామగారి వయసెంత?" లోపలి నుంచి జవాబు: "అరవై ఉంటాయండి." అతను 60 అని రాసుకుని తర్వాతి గడికి వెళతాడు. ఆ అరవై నిజానికి యాభై ఏడు కావచ్చు, అరవై నాలుగూ కావచ్చు. పుట్టిన తేదీలు నమోదు కాని జనాభాల్లో వయసుల గ్రాఫు గీస్తే 30, 35, 40, 45 దగ్గర నిలువు గుంజల్లా లేస్తుంది. మధ్యలో 41, 43 దగ్గర గుంటలు పడతాయి. 41 ఏళ్లవారు అంత తక్కువగా, 40 ఏళ్లవారు అంత ఎక్కువగా పుట్టిన సమాజం ఎక్కడా ఉండదు.

దీన్ని కొలవడానికి విపుల్ సూచిక ఉంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్యవారిలో 0తో గానీ 5తో గానీ ముగిసే వయసు చెప్పినవారు ఎందరో చూస్తారు. అయిదో వంతు ఉంటే సూచిక 100, అంటే ఆ అంకెలపై మొగ్గు లేదు. అందరూ అలాంటి వయసులే చెబితే 500. సూచిక 175 దాటితే ఆ వయసుల వివరాలు బొత్తిగా నమ్మదగినవి కావని ఐక్యరాజ్యసమితి కొలమానం. బడికి వెళ్లనివారంతా వయసు తప్పు చెబుతారనుకోవద్దు. పుట్టిన సంవత్సరాన్ని పన్నెండు జంతువుల చక్రంతో గుర్తుపెట్టుకునే చైనా హాన్ ప్రజల్లో, అక్షరాస్యత తక్కువగా ఉన్న రోజుల్లోనూ ఈ గుంజలు అంతగా కనిపించవు.

అసలు ప్రమాదం ఎక్కడంటే, జనగణనలో వయసు చెప్పేది ఒకరు, మరణ నమోదులో చెప్పేది వేరొకరు. బతికుండగా 80 అని రాయించుకున్న మనిషి మరణ పత్రంలో 76 అయిపోవచ్చు. అప్పుడు 80 ఏళ్లవారి హారంలో ఒకరు పెరుగుతారు, లవంలో ఒకరు తగ్గుతారు. ముదిమి వయసులో చావు తగ్గిందన్న భ్రమ పుడుతుంది. అమెరికాలో నల్లజాతి వృద్ధుల మరణాల రేటు ఎనభై దాటాక తెల్లవారి కంటే తక్కువైనట్టు రికార్డులు చాలాకాలం చూపించాయి. జనాభా శాస్త్రవేత్తలు శామ్యూల్ ప్రెస్టన్, ఇర్మా ఎలో, వారి సహచరులు 1980ల నాటి మరణ పత్రాలను తీసుకుని, అదే మనుషులు చిన్నపిల్లలుగా ఉన్నప్పటి 1900, 1910, 1920 జనగణన పత్రాల్లో వెతికి వయసులు సరిచూశారు. 1996లో వెలువడిన ఆ ఫలితాల్లో, వయసులు దిద్దాక ఆ అనుకూలత చాలా ముదిరిన వయసు వరకూ కనిపించలేదు. జీవితమంతా ఎక్కువ కష్టాలు పడినవారు ముసలితనంలో మాత్రం ఎక్కువ భద్రంగా ఉన్నారన్న నమ్మకానికి ఆధారం ఎన్నో పత్రాల్లోని తప్పు వయసులు. ఈ పని తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

ఇక "మరణ పత్రం లేకుండా ఏ పనీ జరగదు, కాబట్టి రిజిస్టరు పూర్తిగానే ఉంటుంది" అన్న మాట.

ఆస్తి ఉన్నవారికి, పింఛను ఉన్నవారికి అది చాలావరకు నిజం. పేరు పెట్టకముందే పోయిన బిడ్డ మరణ పత్రంతో ఏ కుటుంబానికి ఏం పని పడుతుంది? నమోదు కానివి ఎక్కువగా ఇలాంటి చావులే: పసిపిల్లలవి, ఏ ఆస్తీ తమ పేర లేని స్త్రీలవి, ఆసుపత్రికి దూరంగా పోయినవారివి. అమెరికా అంతటి దేశంలోనూ మరణాల నమోదు పరిధిలోకి అన్ని రాష్ట్రాలూ వచ్చింది 1933లో, చివరిగా టెక్సాస్ చేరినప్పుడు. అంతకుముందరి "అమెరికా మరణాల రేటు" అంటే అప్పటికి పరిధిలో చేరిన రాష్ట్రాల రేటే.

ఏది మరణమో తేల్చే నిర్వచనం కూడా లెక్కను మార్చేస్తుంది. సోవియట్ యూనియన్‌లో 28 వారాలలోపు, లేదా వెయ్యి గ్రాముల లోపు బరువుతో పుట్టి, వారంలోపే పోయిన శిశువును సజీవ జననంగానే లెక్కించేవారు కాదు. జననం లేదు కాబట్టి శిశు మరణమూ లేదు.

రాసిన కారణాలనూ గుడ్డిగా నమ్మలేం. లండన్ మరణాల పట్టికలను పరిశీలించి 1662లో పుస్తకం వెలువరించిన జాన్ గ్రాంట్ ఒక వింత గమనించాడు. సుఖరోగంతో చావులు అంత పెద్ద నగరంలో ఒకటి రెండు పేద పేటల్లోనే నమోదయ్యాయి. శవాన్ని చూసి కారణం చెప్పడానికి నియమించిన ముసలి స్త్రీలకు ఇంత బీరు పోసి, మామూలుకు రెట్టింపు రుసుము ముట్టజెబితే వారు వేరే జబ్బు పేరు రాయించేవారని అతను గ్రహించాడు. అంకెను నమ్మే ముందు దాన్ని ఎవరు, ఏ పరిస్థితిలో రాశారో అడగాలన్న పద్ధతి జనాభా శాస్త్రం పుట్టుకతోనే వచ్చింది.

దీనికి తలకిందులైన తప్పూ జరుగుతుంది. 2010లో టోక్యోలో అత్యంత వృద్ధుడిగా రికార్డుల్లో ఉన్న వ్యక్తి దాదాపు ముప్పై ఏళ్ల కిందటే చనిపోయినట్టు బయటపడింది. ఆ తర్వాత కుటుంబ రిజిస్టర్లు వెతికితే, వందేళ్లు దాటి బతికున్నట్టు పేర్లుండి ఎక్కడున్నారో తెలియనివారు 2,34,000 మందికి పైగా తేలారు. జపాన్ ఆయుర్దాయాన్ని ఆ రిజిస్టర్ల నుంచి లెక్కించరు కాబట్టి అది కూలిపోలేదు. ఏ రికార్డును దేనికి వాడాలో తెలిసి ఉండటం అంటే ఇదే.

సందేశంలోని అసలు నింద "సవరణ అంటే గారడీ" అన్నది. దీనికి జవాబు వివరంగానే చెప్పాలి.

1940ల్లో కలకత్తాకు దగ్గరలోని సింగూరు ఆరోగ్య కేంద్రం పరిధిలో జనన మరణాలు ఎన్ని నమోదవుతున్నాయో తేల్చవలసి వచ్చింది. రిజిస్ట్రారు జాబితా ఒకటి, ఇంటింటికీ తిరిగి రాసుకున్న జాబితా మరొకటి. రెండూ అసంపూర్ణమే. సి. చంద్రశేఖరన్, డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ 1949లో ప్రచురించిన పద్ధతి ఈ రెండు లోపభూయిష్ఠమైన జాబితాల నుంచే నిజానికి దగ్గరగా వెళ్లే దారి చూపింది. ఉదాహరణకు రిజిస్ట్రారు దగ్గర 80 మరణాలు, సర్వేలో 90, రెండింటిలోనూ ఉన్నవి 72 అనుకుందాం. సర్వేకు దొరికిన 90లో రిజిస్ట్రారు రాసినవి 72, అంటే పదింట ఎనిమిది. రిజిస్ట్రారు సాధారణంగా పదింట ఎనిమిదే రాస్తున్నాడంటే, అతని 80 వెనుక ఉన్న మొత్తం 100. రెండు జాబితాలూ కలిపితే 98 మరణాలు కనిపిస్తాయి. మిగిలిన ఆ రెండూ ఎవరి కంటా పడనివి. ఎవరూ రాయని ఇద్దరి జాడను, రాసినవారి లెక్కల నుంచే బయటికి తీయడం గారడీ ఎలా అవుతుంది?

దీనికి షరతు ఉంది. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారవ్వాలి. సర్వే చేసే మనిషి రిజిస్టరు చూసి పేర్లు ఎక్కించుకుంటే లెక్క చెడిపోతుంది, తప్పిపోయిన మరణాలు అసలు లేనట్టే తేలుతుంది.

నాకు బాగా నచ్చిన సవరణ మరొకటి. చాలా ముసలివారి వయసులు జనగణనలో నమ్మలేం అని చూశాం. 1951లో పాల్ విన్సెంట్ అనే ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త ఒక ఉపాయం వివరించాడు. 1890లో పుట్టినవారిని తీసుకోండి. వారిలో నేడు ఒక్కరూ బతికి లేరు. ఎనభై ఏళ్లు నిండాక వారిలో ఎందరు పోయారో ఏడాది ఏడాదికీ మరణ రికార్డుల నుంచి కూడుకుంటూ వస్తే, 1970 ప్రాంతంలో ఎనభై ఏట బతికున్నవారు ఎందరో ఆ మొత్తమే చెబుతుంది. ఆ వయసులో వలసలు అత్యల్పం కనుక ఇది నిలబడుతుంది. ఒకప్పుడు ఎందరు బతికున్నారో పోయినవారే సాక్ష్యం చెబుతారు. అమెరికాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయం, జర్మనీలో రోస్టాక్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి 2002లో తెరిచిన హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్ అనే మరణాల సమాచార నిధి ఎనభై దాటిన వయసులకు ఈ తరహా పద్ధతులే వాడుతుంది. నమోదు దాదాపు సంపూర్ణంగా ఉన్న దేశాలనే చేర్చుకుంటుంది. వచ్చిన ముడి అంకెలు, వాటిని ఎలా మార్చారో చెప్పే వివరణ, తుది పట్టికలు, మూడూ అందరి ముందూ ఉంచుతుంది.

నేను సవరణలన్నిటినీ వెనకేసుకు రావడం లేదు. రెండు జనగణనల మధ్య తగ్గినవారిని, నమోదైన మరణాలను పోల్చి నమోదు ఎంత పూర్తిగా ఉందో తేల్చే పద్ధతులున్నాయి. మొదటిదాంట్లో 60-64 ఏళ్లవారు లక్షమంది ఉండి, పదేళ్లకు 70-74 ఏళ్లవారు 80 వేలే మిగిలితే, రిజిస్టరు ఆ మధ్యలో 12 వేల మరణాలే చూపితే, 8 వేలకు సమాధానం కావాలి. అవి నమోదు కాని చావులే అనడానికి ముందు వలసలను, వయసుల తప్పులను, జనగణనలో తప్పిపోయినవారిని తీసి పక్కన పెట్టాలి. ఆ పని చేయకుండా సూత్రంలో అంకెలు వేసేవారు ఉన్నారు, వారిని నిలదీయాల్సిందే. నిలదీయడానికి ముడి అంకెలు, పద్ధతి, అంచనాలో ఎంత తేడా ఉండొచ్చన్న హద్దు బయట పెట్టమని అడగాలి. సవరణే వద్దనడం ఆ ప్రశ్నకే చోటు లేకుండా చేస్తుంది.

చివరి మాట, "రెండు మూడు శాతంతో కొంపలేమీ మునగవు."

తప్పిపోయేది అన్నిచోట్లా సమానంగా రెండు మూడు శాతమైతే ఆ మాట కొంతవరకు నిలిచేది. రెండు ప్రాంతాల్లో సమానంగా జననాలు ఉన్నాయనుకుందాం. ఒకచోట ఏటా 60 మంది శిశువులు పోతే 30 మరణాలే నమోదవుతున్నాయి, మరోచోట 40 పోతే 40 నమోదవుతున్నాయి. ముడి అంకెలతో భాగిస్తే మొదటిదే మేలైన ప్రాంతం. మందులూ నర్సులూ రెండోదానికి వెళతాయి. ఇప్పుడు మొదటి ప్రాంతంలో ఎవరో పట్టుదలగా నమోదును సరిదిద్దారు, నిరుటి దాకా వదిలేసిన ఇళ్లకు ఈ ఏడాది వెళ్లారు, మరుసటి ఏడాది 55 మరణాలు రిజిస్టరుకెక్కాయి. సందేశం చెప్పిన భాగహారం ప్రకారం అక్కడ ఒక్క ఏడాదిలో శిశు మరణాలు దాదాపు రెట్టింపయ్యాయి, దానికి జవాబు చెప్పవలసింది ఆ పుస్తకం దిద్దిన మనిషి. అదనంగా కనిపిస్తున్న ఆ పాతిక మంది లాంటి బిడ్డలు నిరుడూ పోయారు, ముందటేడూ పోయారు. అప్పుడు వారి పేరు రాసినవారు లేరు.