ఏకగ్రీవంగా ఎనిమిది మెట్లు

ప్రజలను అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోరాదన్న నియమం స్థానిక సంస్థలకు ఎంత పవిత్రమైనదంటే, నిర్ణయం తీసేసుకున్న తర్వాత కూడా అవి దానిని మరిచిపోవు. మా పురపాలక సంఘం గ్రంథాలయ వేళలను మార్చదలచినప్పుడు ఆ పవిత్రత ఎంత దూరం వెళుతుందో దగ్గరగా చూసే భాగ్యం మాకు కలిగింది. రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండే గ్రంథాలయాన్ని ఇకమీదట సాయంత్రం ఐదింటికే మూసివేయాలన్నది ప్రతిపాదన. అయితే ప్రకటనలో దానికి పెట్టిన పేరు "పాఠకుల సౌకర్యార్థం గ్రంథాలయ వేళల హేతుబద్ధీకరణ". పాఠకుల సౌకర్యానికి గాని, హేతువుకు గాని అడ్డుపడే దుర్మార్గులు ఊళ్లో ఎవరుంటారు?

ఆ ప్రకటన "ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా" అని మొదలై, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ఒకే వాక్యంగా కాగితం అడుగుదాకా నడిచి, ఆఖరి పంక్తిలో సభ జరిగే రోజును, వేళను చెప్పి ఆగింది. దానిని కార్యాలయం లోపలి వసారాలో, అద్దాల తలుపున్న బోర్డులో అంటించి తాళం వేశారు. అద్దం మీద ఎప్పుడో అతికించిన "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" అన్న చీటీ సరిగ్గా ఆ ఆఖరి పంక్తికి అడ్డంగా ఉండడం వల్ల, సభ పనిదినాన ఉదయం పదకొండు గంటలకని తెలుసుకోవాలంటే తలను భుజం మీదికి వాల్చి, ఒక కన్ను మూసి, పక్కనుంచి చూడవలసి వచ్చేది. ఉద్యోగం నుంచి వచ్చి ఆరు దాటాక గ్రంథాలయానికి వెళ్లేవారిని ఉదయం పదకొండింటికి పిలవడంలో లోతైన తర్కం ఉంది. వాళ్లు ఎలాగూ రాలేరు. రాలేదు కనుక వాళ్లకు అభ్యంతరం లేదని సులువుగా తేలిపోతుంది.

రాలేనివారి కోసం ఒక అభిప్రాయ పత్రం కూడా సిద్ధం చేశారు. "గ్రంథాలయ వేళల హేతుబద్ధీకరణను మీరు (అ) పూర్తిగా సమర్థిస్తున్నారా, (ఆ) సమర్థిస్తున్నారా, (ఇ) సూచనలతో సమర్థిస్తున్నారా?" అన్నది అందులోని మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న లేదు. సూచనలు రాయడానికి ఇచ్చిన గీత చిటికెన వేలంత పొడవుంది. "వద్దు" అన్న మాట అందులో ఇమిడిపోతుందేమోనని నేను ఆశపడేలోపే, గీత కింద చిన్న అక్షరాలతో "సూచనలు నిర్మాణాత్మకంగా ఉండవలెను" అని కనిపించింది.

సభా మందిరం గుమ్మం దగ్గర ఒక బల్ల, బల్ల మీద దారంతో కట్టిన కలం, దాని పక్కన పెద్ద రిజిస్టరు ఉన్నాయి. సంతకం పెట్టనిదే ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. పాఠకులతోపాటు మైకు బిగించడానికి వచ్చిన కుర్రాడు, జనన ధ్రువపత్రం కోసం వచ్చి దారి తప్పిన ఒక దంపతుల జంట, ఫ్యాను తిరుగుతోంది కదా అని కాసేపు కూర్చోవడానికి వచ్చిన ఒక పెద్దాయన కూడా బుద్ధిగా సంతకాలు చేశారు. ఆ పేజీ పైభాగాన్ని గుమాస్తా తన మోచేయి కింద భద్రంగా ఉంచుకోవడం అందరం చూశాం కాని, పాపం ఆయనకు చేయి నొప్పి కాబోలు అనుకున్నాం.

కమిషనర్ గారు సౌమ్యంగా మాట్లాడారు. ప్రతిపాదన ఇంకా ఆలోచన దశలోనే ఉందనీ, ఏదీ ఖరారు కాలేదనీ, ప్రజలు ఎలా చెబితే అలా జరుగుతుందనీ ఆయన అంటున్నప్పుడే, వేదిక వెనుక గోడకు ఆనించి పాత వార్తాపత్రికలు కప్పిన ఒక పెద్ద రేకు మీదికి ఫ్యాను గాలి మళ్లింది. కాగితం ఒక మూల లేచి, రెపరెపలాడి, పూర్తిగా ఎగిరిపోయింది. నీలి రంగు మీద తెల్లని అక్షరాలతో "గ్రంథాలయ వేళలు: ఉదయం 10 నుండి సాయంత్రం 5 వరకు" అని అందరికీ కనిపించింది. మైకు కుర్రాడు ఒక్క గంతులో వెళ్లి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. పై అధికారులు ఇరుకునపడినప్పుడు అడ్డం నిలబడాలని అతనికి ఎవరు నేర్పారో తెలియదు. కొంతసేపటికి వైరు సరిచేయడానికి అతడు ఇటు తిరిగితే, చొక్కా మీద రెండు భుజాల నడుమ తిరగబడిన 5 అంకె తెల్లగా మెరుస్తోంది.

"అది నమూనా మాత్రమే" అన్నారు కమిషనర్ గారు.

"ఆలోచన దశలోనే ఉందన్నది నిజమేనండీ, ఇంకా ఆరలేదు" అన్నారు వెనుక వరుసలోంచి మా లెక్కల మాస్టారు.

మాస్టారు పదవీ విరమణ చేశాక గ్రంథాలయంలోనే ఎక్కువ కాలం గడుపుతున్నారు కనుక, ఈ సభకు ఆయన వట్టి చేతులతో రాలేదు. 1985లో లండన్‌లోని బ్రెంట్ బరో మండలి పాఠశాలల మూసివేత, విలీనాల విషయంలో ప్రజలను సరిగా సంప్రదించలేదని గన్నింగ్ పేరుతో ఒక కేసు నడిచిందనీ, అందులో స్టీఫెన్ సెడ్లీ అనే న్యాయవాది నాలుగు సూత్రాలు చెబితే న్యాయస్థానం ఒప్పుకుందనీ ఆయన వివరించారు. ప్రతిపాదన రూపుదిద్దుకుంటున్న దశలోనే జనాన్ని అడగాలి. ఆలోచించి జవాబు చెప్పడానికి సరిపడా కారణాలు వాళ్ల ముందు పెట్టాలి. తగినంత వ్యవధి ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాలను నిర్ణయానికి ముందు మనస్సాక్షిగా పరిశీలించాలి. ఒక్కొక్క సూత్రం చెప్పినప్పుడల్లా ఆయన వేలు ఆ రేకు వైపే చూపించింది. గుమాస్తా తల ఎత్తకుండా రాసుకుంటూ, "గన్నింగ్ గారి ఇంటిపేరేమిటండీ?" అని మాత్రం అడిగాడు.

ఆ ఊపులో ఒక యువ న్యాయవాది లేచి, హారింగే బరో మండలి మీద వచ్చిన కేసులో 2014లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ సూత్రాలను సమర్థించిందనీ, మండలి తాను తోసిపుచ్చిన ప్రత్యామ్నాయాల సంగతి జనానికి చెప్పకపోవడాన్ని తప్పుపట్టిందనీ గుర్తుచేశారు. గ్రంథాలయాన్ని ఆలస్యంగా, మధ్యాహ్నం ఒంటిగంటకు తెరిచి రాత్రి ఎనిమిదికి మూస్తే అవే ఏడు గంటలూ, అదే సిబ్బందీ సరిపోతారు గదా, ఈ మార్గాన్ని ఎందుకు పరిశీలించలేదని ఆమె అడిగారు. నా ఉద్దేశంలో ఆ సభలో పనికొచ్చిన మాట అదొక్కటే. కమిషనర్ గారు కూడా ఒక్క క్షణం కలం ఆపి, మనసులోనే గంటలు లెక్కపెట్టుకున్నట్లు కనిపించారు. కాని సూపరింటెండెంట్ ఆయన చెవిలో ఏదో చెప్పడంతో, ఈ విషయం ఎజెండాలో లేదని తేలింది.

అప్పుడామె షెర్రీ ఆర్న్‌స్టీన్ ప్రస్తావన తెచ్చారు. పౌరుల భాగస్వామ్యాన్ని 1969లోనే ఆ అమెరికన్ రచయిత్రి ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపిందనీ, అడుగు మెట్టు జనాన్ని ఆడించడమైతే పై మెట్టు జనం చేతికే అధికారం ఇవ్వడమనీ, ఇలా పిలిచి అభిప్రాయం అడగడమన్నది నాలుగో మెట్టేననీ, దానిని కూడా ఆవిడ మొక్కుబడి వ్యవహారాల కిందే జమకట్టిందనీ చెప్పి, "మనకు కావలసింది పై మెట్టు దాకా వెళ్లే నిచ్చెన" అని ముగించారు. చప్పట్లు మోగాయి. గుమాస్తా ఈసారి ప్రశ్నలేమీ వేయకుండా చాలా శ్రద్ధగా రాసుకున్నాడు. మేము దానిని మంచి సూచనగానే భావించాం.

ఒక విద్యార్థి, బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో 1989 నుంచి జనమే సభలు పెట్టుకొని నగర బడ్జెట్‌లో కొంత భాగాన్ని దేనికి ఖర్చు చేయాలో తేల్చే పద్ధతి మొదలైందని చెప్పాడు. దీనికి అధికారుల వైపు నుంచి అసిస్టెంట్ ఇంజనీరు గట్టిగానే బదులిచ్చారు. అంతా జనానికే వదిలేస్తే ఏమవుతుందో తెలుసా అంటూ, 2012లో స్లొవేకియాలోని బ్రాటిస్లావా ప్రాంతంలో ఒక కొత్త సైకిల్ వంతెనకు పేరు సూచించమని జనాన్ని ఆన్‌లైన్‌లో అడిగితే చక్ నోరిస్ అనే సినీ నటుడి పేరుకు ఎక్కువ ఓట్లు పడ్డాయనీ, చివరికి ప్రాంతీయ మండలి దానిని పక్కన పెట్టి "స్వేచ్ఛా వంతెన" అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుందనీ చెప్పారు. జనం మాట తోసేసి వంతెనకు స్వేచ్ఛ అని పేరు పెట్టడంలోని చమత్కారం ఆయనకు తోచినట్లు లేదు. మాస్టారికి తోచింది, ఆయన దగ్గు వచ్చినట్లు నటించి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత సభ వీధి దీపాల మీదికి, కాలువల మీదికి, కుక్కల మీదికి యథావిధిగా మళ్లింది. జనన ధ్రువపత్రం కోసం వచ్చిన దంపతులు కూడా తమ గోడు వినిపించారు. వాళ్ల పిల్లవాడి పేరులో ఒక అక్షరం తప్పు పడిందట. కమిషనర్ గారు అక్కడికక్కడే దానిని సరిచేయమని ఆదేశించారు. ఆ రోజు ఆ గదిలో ఒక పౌరుడి మాట విని ఒక అక్షరమైనా మారింది అంటే అది అదే.

మినిట్స్ బయటికి వచ్చాక గాని మేము ఎంత గొప్ప సభకు హాజరయ్యామో మాకు తెలియలేదు. రిజిస్టరులో గుమాస్తా మోచేయి కింద దాగిన పంక్తి అందులో యథాతథంగా అచ్చయింది: "గ్రంథాలయ వేళల హేతుబద్ధీకరణను కింద సంతకం చేసినవారందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." మైకు కుర్రాడూ, ఫ్యాను కిందికి వచ్చిన పెద్దాయనా, మాస్టారూ, నేనూ ఒకే మాట మీద నిలబడ్డామన్న మాట. చర్చ భాగం ఇంకా సమగ్రంగా ఉంది. 1985 నుంచి అపరిష్కృతంగా ఉన్న విషయం మీద గన్నింగ్ అనువారు అభ్యంతరం తెలిపారనీ, వారు స్వయంగా హాజరు కానందున పరిగణనలోకి తీసుకోలేదనీ రాశారు. పోర్టో అలెగ్రే ఏ వార్డు పరిధిలోకి వస్తుందో విచారించి నివేదించవలసిందిగా టౌన్ ప్లానింగ్ విభాగాన్ని కోరారు. వంతెనకు సినీ నటుడి పేరు పెట్టాలన్న ప్రజల కోరికను, ప్రస్తుతం వంతెన ఏదీ లేనందున, వాయిదా వేశారు. చివరగా, "గ్రంథాలయమునకు ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి కావలెనని, నాలుగో మెట్టు సరిగా లేదని పాఠకురాలొకరు కోరగా, తక్షణమే మంజూరు చేయడమైనది" అని ఉంది.

పురపాలక సంఘాల పనితీరును తక్కువగా అంచనా వేసేవారు ఈ వాక్యాన్ని శ్రద్ధగా చదవాలి. నిచ్చెన నిజంగానే వచ్చింది. ఇనుముతో, సరిగ్గా ఎనిమిది మెట్లతో, నాలుగో మెట్టుకు ప్రత్యేకంగా అదనపు బిగింపుతో వచ్చింది. కాకపోతే అన్నిటికన్నా పొడుగైన పుస్తకాల బీరువా కూడా అయిదో మెట్టు దగ్గరే అయిపోతుంది కనుక, ఆపై మూడు మెట్లూ ఎక్కినవాళ్ల తల పైకప్పుకు తగులుతుంది. లైబ్రేరియన్ దాని మీద కొత్త వేళల రేకును వేలాడదీశారు. అందులో 5 అంకె దగ్గర రంగు కాస్త చెదిరి ఉంది.

మాస్టారు, నేను కలిసి సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన కుర్చీలు వేయించి, మా మాట అంతా ఓపికగా విన్నారు. ఆ మనిషిలో కపటమేమీ లేదు. ఫైలు ఏ కప్‌బోర్డులోంచి ఏ కప్‌బోర్డులోకి పోవాలో తప్ప ఆయనకు వేరే దురాశలు ఉన్నట్లు నాకు అనిపించలేదు.

"ఆమోదం పొందిన మినిట్స్‌లో అభిప్రాయం మార్చడం కుదరదండీ" అన్నారాయన నొచ్చుకుంటూ. "కాని పేర్లలో పొరపాటు ఉంటే దిద్దే అధికారం నాకుంది. మీరిద్దరూ ఒప్పుకోలేదంటున్నారు. ఒప్పుకున్నవాళ్ల జాబితాలో మీ పేర్లు ఉండడం పొరపాటే కదా."

అన్నమాట ప్రకారం దిద్దిన ప్రతి పంపించారు. అందులో మా పేర్లు లేవు. ఒప్పుకున్నవాళ్ల జాబితాయే హాజరైనవాళ్ల జాబితా కూడా కావడం వల్ల, మేము సభకే రాలేదని తేలింది. సభ మునుపటికన్నా ఇంకొంచెం ఏకగ్రీవమైంది.

మాస్టారు అప్పటికప్పుడు కాగితం తెప్పించి, ఆ మినిట్స్ మీద అభ్యంతరం రాయబోయారు. సూపరింటెండెంట్ గారు ఎంతో మర్యాదగా ఆయన చేయి ఆపారు.

"అభ్యంతరం సభకు వచ్చినవాళ్లే ఇవ్వాలి మాస్టారూ. మీరు రాలేదు కదా."

"మరి రికార్డులో అభ్యంతరం చెప్పినవాళ్లంటూ ఎవరూ మిగల్లేదా?" అన్నారు మాస్టారు.

ఆయన ఫైలు విప్పి, పేజీల మీద వేలు నడిపించి, ఒకచోట ఆపారు.

"గన్నింగ్ గారు ఒక్కరే ఉన్నారండీ. వారిని ఒకసారి వచ్చి అర్జీ పెట్టుకోమనండి."