డబ్బా మీది అంకె కాదు, కొలిచిన అంకె ముఖ్యం
హై కంప్రెషన్ పిస్టన్లు వేస్తే చాలు, పవర్ దానంతటదే పెరుగుతుందని ఇంజన్ పిస్టన్ల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. పిస్టన్ల డబ్బా మీద కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ కిందున్నప్పటి మొత్తం చోటుకీ, పైకొచ్చాక మిగిలే చోటుకీ ఉన్న నిష్పత్తి) 10:1 అని ఉన్నంత మాత్రాన మన ఇంజన్‌లో అదే రాదు. సిలిండర్ 500 సీసీ అనుకుంటే, 10:1 రావాలంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 55 సీసీ పైచిలుకు మాత్రమే. 86 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) ఉంటే, హెడ్ గాస్కెట్ (సిలిండర్లకీ, పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్య బిగించే పలచటి రేకు) అర మిల్లీమీటర్ పలచనైనా దాదాపు 3 సీసీ తగ్గి నిష్పత్తి 10.5 దగ్గరికి వెళ్తుంది. హెడ్ ఫేసింగ్ చేయిస్తే, అంటే హెడ్ అడుగుభాగాన్ని చెక్కి చదును చేయిస్తే, ఇంకా పెరుగుతుంది. నా మొదటి రీబిల్డ్‌లో ఈ లెక్క వేసుకోలేదు. ఎత్తు ఎక్కేటప్పుడల్లా డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం తనంతట తానే అంటుకుని చేసే చప్పుడు). ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిపితే, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా చేస్తే, శబ్దం ఆగింది గానీ, పెరిగిన పవర్ కూడా పోయింది. తర్వాత హెడ్ విప్పి చూస్తే ఒక పిస్టన్ అంచంతా సన్నటి గుంటలు! ఇప్పుడు హెడ్ తిరగేసి, చిన్న రంధ్రమున్న పారదర్శక పలక బిగించి, సిరంజితో కిరోసిన్ పోసి హెడ్‌లో ఇంధనం మండే ఒక్కో చాంబర్ కొలిచాకే పిస్టన్లు ఆర్డర్ చేస్తున్నాను. టర్బో ఇంజన్‌కి ఫోర్జ్‌డ్ పిస్టన్లే (లోహాన్ని గట్టిగా అదిమి చేసినవి) మేలన్న ఆ వ్యాసంలోని మాట మాత్రం వంద శాతం ఒప్పుకుంటాను. కాకపోతే వాటికి సిలిండర్ గోడ దగ్గర గ్యాప్ కాస్త ఎక్కువ వదలాలి, ఇంజన్ వేడెక్కేదాకా కొంచెం టకటకమంటాయి.