పండుకోవడానికీ సంతకం కావాలె

మా ఇంట్లో ల్యాప్‌టాప్ పండుకోక ఏళ్లవుతోంది. మూత మూస్తే పైకి కళ్లు మూసుకున్నట్టే ఉంటుంది గానీ, లోపల ఫ్యాను మాత్రం ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే ట్రాలీ ఆటోలా రొద పెడుతూనే ఉంటుంది. దీన్ని రోగం అనేవాళ్లకు సిద్ధాంతం అంటే ఏమిటో తెలియదు. ఇది త్యాగం.

దాన్ని నడిపేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో అందరికంటే ముందు లేచే ప్రోగ్రామ్ ఒకటుంటుంది. దాన్ని ఇనిట్ అంటారు, దాని నంబరు 1. పొద్దుగాల లేచి, వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ఇంటిల్లిపాదినీ లేపే అమ్మలాంటిది. పాతకాలపు సిస్‌వీ ఇనిట్ ఆ పని చేసి ఓ మూలన కూర్చునేది. 2010లో సిస్టమ్‌డీ అనే కొత్త ఇనిట్ వచ్చింది. లేపడం ఒక్కటే దానికి ఆనలేదు. ఇంట్లోకి ఎవరొచ్చారు, చిట్టా ఎక్కడ రాయాలి, మూత మూస్తే ఏం చేయాలి, అన్నీ కొంగున ముడేసుకుంది. ఇది పెత్తనం కాక మరేమిటని మా వర్గం వాదన. మా వర్గం అంటే వరంగల్ మొత్తానికి బహుశా నేనొక్కణ్నే.

2014 ఫిబ్రవరిలో హన్మకొండ చౌరస్తా అంతా పార్లమెంటులో తెలంగాణ బిల్లు ఏమవుతుందోనని ఊపిరి బిగబట్టుకుని ఉంది. నేనూ బిగబట్టుకునే ఉన్నాను, లినక్స్‌లో ఓ రకమైన డెబియన్‌కు ఏ ఇనిట్ ఉండాలో తేల్చే దాని సాంకేతిక కమిటీ ఓటు కోసం కూడా. ఎనిమిది మంది సభ్యులు. సిస్టమ్‌డీ వైపు నలుగురు, ఉబుంటు అనే మరో లినక్స్ వాళ్ల ఇనిట్ అప్‌స్టార్ట్ వైపు నలుగురు. చివరికి అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గట్టెక్కింది. అదే నెలలో మన బిల్లూ గడిచింది. పటాకుల మధ్య నేనొక్కణ్నే మొహం వేలాడేసుకుని నిలబడితే, గులాల్ పూసుకున్న ఓ పెద్దమనిషి ఆగి, "ఏంది బిడ్డా, రాష్ట్రమొచ్చినా గట్లున్నవ్?" అని ఓదార్చాడు.

ఆ నవంబరులో సిస్టమ్‌డీ వద్దని కొందరు డెబియన్ నుంచి విడిపోయి, అది లేని డెవువాన్ పెట్టుకున్నారు. తొలి పక్కా వెర్షన్ రావడానికి 2017 మే అయింది. విడిపోవడమంటే మా ప్రాంతపు వాడికి వేరే చెప్పాలా, వెంటనే అటు దూకేశాను. నీళ్లు, నిధులు, నియామకాలు అని ఇన్నేళ్లు కొట్లాడినవాణ్ని, నిద్ర ఎవరి వాటాలోకి పోతుందో అడగాలని మాత్రం తోచలేదు.

పాత పద్ధతిలో తెర మీది డెస్క్‌టాప్ వెళ్లి కరెంటు సంగతులు చూసే యూపవర్‌కు చెప్పేది, యూపవర్ పండబెట్టే పని చేసే పీఎం-యుటిల్స్‌ను పిలిచేది, అది లినక్స్ గుండెకాయలాంటి కెర్నల్‌ను పండబెట్టేది. యూపవర్ 0.99 వెర్షన్‌కు వచ్చేసరికి దాన్ని రాసేవాళ్లు ఆ కోడ్ మొత్తం పీకేశారు. బ్యాటరీ ఎంతుందో అడిగితే చెప్తుంది, నిద్ర మాత్రం దాని శాఖ కాదు. దరఖాస్తు, ఇంట్లోకి ఎవరొచ్చారో చూసే లాగిన్‌డీ కౌంటర్‌లో ఇచ్చుకోవాలి. లాగిన్‌డీ ఎవరింటి పిల్ల? సిస్టమ్‌డీ ఇంటి పిల్లే.

విచిత్రమేమిటంటే, కెర్నల్‌కు నిద్ర రాక కాదు. రూట్‌గా, అంటే సర్వాధికారాలతో ఎక్కి, సిస్ కింద పవర్, దాని కింద స్టేట్ అనే ఫైల్లో 'మెమ్' అని రాస్తే మరుక్షణం గుర్రు పెడుతుంది. నిద్ర ముంచుకొస్తోంది, మంచం వాల్చే ఉంది, సంతకం పెట్టే సారే సీట్లో లేడు.

అవతలివాళ్ల మాటలో అసలు పస లేదని అనను (మా వర్గానికి చెప్పకండి). పండబెట్టే ముందు లాగిన్‌డీ మిగతా ప్రోగ్రాములకు మామూలుగా 5 సెకన్ల దాకా గడువిస్తుంది, ఈలోపు రాసేది రాసుకోవచ్చు, తెరకు తాళం వేసుకోవచ్చు. గ్యాస్ కట్టేశావా, గొళ్లెం పెట్టావా అని అడిగాకే లైటార్పే పద్ధతి. గొళ్లెం పని ఇద్దరికి అప్పజెప్తే ఎవరూ పెట్టరన్నదీ నిజమే. ఆ లాగిన్‌డీని ఒక్కదాన్నే కోసి తీసి, ఈలాగిన్‌డీ అని విడిగా కూడా చేశారు. పెట్టుకుంటే పది నిమిషాల్లో నా బాధ తీరుతుంది. కానీ మాటల్లేని ఇంటి నుంచి సంబంధం తెచ్చుకోమంటే ఎట్లా?

మొన్న హైదరాబాద్ బస్సెక్కాను. అమ్మ సర్వపిండి పేపర్లో చుట్టి ల్యాప్‌టాప్ బ్యాగులోనే దోపింది. నేనూ అలవాటుగా మూత మూసి పెట్టాను. జనగామ దాటేసరికి ఒళ్లో బ్యాగు కుంపటయింది. భువనగిరి దగ్గర జిప్పు తీస్తే బస్సంతా నువ్వుల వాసన. బ్యాటరీ 4 శాతం. పక్క సీటాయన పొట్లాన్ని ముట్టుకుని చూసి, "ఎప్పుడో చేసినదాని లెక్కున్నది, గింత వేడిగ ఎట్లున్నదన్నా?" అన్నాడు.

ఇనిట్ సిస్టమ్ అని చెప్పాను.

ఓ ముక్క తుంచుకుని నింపాదిగా నమిలాడు. "మంచిగున్నది. ఎంతకొస్తదది?"