పత్రాలు లెక్కపెట్టడం కాదు, చదవాలి

5జీ ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సంకేతాలు తప్పుల్లేకుండా చేరడానికి రెండు రకాల కోడ్లు పనిచేస్తున్నాయి. మనం చూసే వీడియో వంటి డేటాను కాపాడేది ఎల్‌డీపీసీ కోడ్ కాగా, ఆ డేటా ఎప్పుడు ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుందో ఫోన్‌కు తెలిపే నియంత్రణ సమాచారాన్ని కాపాడేది పోలార్ కోడ్. మొదటిది అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ గాలగర్ 1960లో సమర్పించిన డాక్టరేట్ పరిశోధనలోది. రెండోది, ఆయన వద్దే పీహెచ్‌డీ చేసి 1987లో టర్కీలోని బిల్‌కెంట్ విశ్వవిద్యాలయంలో చేరిన ఎర్దాల్ అరికాన్ 2009లో ప్రచురించిన పరిశోధన పత్రంలోది. ఈ గురుశిష్యుల ప్రచురణల చరిత్ర మన అధ్యాపక నియామక కమిటీల ముందుకు వస్తే ఏమయ్యేదన్న ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం.

గాలగర్ పద్ధతి ఆనాటి కంప్యూటర్ల శక్తికి మించినది. మూడు దశాబ్దాలకు పైగా దాన్ని పట్టించుకున్నవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. 1990ల మధ్యలో పరిశోధకులు డేవిడ్ మెకే, రాడ్‌ఫర్డ్ నీల్ తిరిగి వెలికితీశాకే లోకం కళ్లు తెరిచింది. అరికాన్ కథ మరోలాంటిది. సంకేతాలు ప్రయాణించే ఒక మార్గం గుండా గరిష్ఠంగా ఎంత సమాచారం తప్పుల్లేకుండా పంపవచ్చో 1948లో అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ తేల్చారు కానీ ఆ హద్దును ఆచరణలో అందుకునే దారి చూపలేదు. అరికాన్ దాదాపు ఇరవై ఏళ్లు ఆ చిక్కుముడితోనే గడిపారు. ఆయనకు తట్టిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. రెండు బిట్లను (సున్నా లేదా ఒకటి) ఒకదానితో ఒకటి ముడిపెట్టి పంపితే, అందుకునే చోట మొదటి బిట్‌ను పోల్చడం మునుపటికంటే కష్టమవుతుంది. అది తెలిశాక రెండోదాన్ని పోల్చడం తేలికవుతుంది. ఈ పని మళ్లీ మళ్లీ చేస్తూపోతే ఒక్కో బిట్ వెళ్లే మార్గాలన్నీ రెండు కోవలుగా చీలిపోతాయి, కొన్ని దాదాపు దోషరహితమైనవి, మిగిలినవి దాదాపు పనికిరానివి. సమాచారాన్ని మంచివాటిమీదే పంపితే సరిపోతుంది. 2016 నవంబరులో 5జీ ప్రమాణాల సంస్థ నియంత్రణ సమాచారం కోసం దీన్ని ఎంచుకుంది. 2019లో అరికాన్‌కు సమాచార సిద్ధాంత రంగంలో ఇచ్చే షానన్ పురస్కారం లభించింది.

ఏటా ఇన్ని పత్రాలు, ఇన్ని సైటేషన్లు (ఇతరుల పత్రాల్లో ఉటంకింపులు) అని అడిగే పట్టికలో ఆ ఇరవై ఏళ్లకు చోటెక్కడ? పరిశోధకుల ప్రచురణలను ఒక్క అంకెలో కొలవడానికి భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్‌నే తీసుకుందాం. కనీసం ఇరవైసార్లు ఉటంకింపు పొందిన పత్రాలు ఇరవై ఉంటే సూచిక ఇరవై. రెండు యాంటెన్నాలతో సంకేతం క్షీణతను తట్టుకునే సులువైన పద్ధతిని చూపిన సియావష్ అలమూటి 1998 నాటి పత్రానికి పది వేలకు పైగా సైటేషన్లున్నాయి. వైర్‌లెస్ రంగం నడకను మార్చిన ఆ పత్రం హెచ్-ఇండెక్స్‌కు కలిపేది ఒక్క అంకె మాత్రమే! మరీ లోతుగా పాతుకుపోయిన ఫలితానికైతే సైటేషన్ ఇవ్వడమే మానేస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో నిరూపించిన, అంచనాలో పొరపాటు ఎంతకంటే తగ్గదో చెప్పే క్రామర్-రావు హద్దును ఫోన్ స్థానాన్ని అంచనా వేసే ఇంజినీర్లు నేటికీ వాడుతున్నారు, మూల పత్రాన్ని ఉటంకించకుండానే.

మన దేశంలో 2010 యూజీసీ నిబంధనలు అధ్యాపకుల పనితీరును కొలిచే ఏపీఐ స్కోర్ల పేరిట ప్రచురణలకు పాయింట్లు కట్టాయి. పీహెచ్‌డీకి ముందు జర్నల్ పత్రం తప్పనిసరన్న షరతు 2022లో తొలగింది. యూజీసీ గుర్తించిన పరిశోధన పత్రికల ‘కేర్’ జాబితాను 2025లో ఆపేశారు. అయినా లెక్కల మోజు వదల్లేదు. ఒకే ఫలితాన్ని మూడు ముక్కలు చేసి మూడుచోట్ల ప్రచురించడం, యాంటెన్నా ఆకారంలో చిన్న మార్పుతో కొత్త పత్రం రాయడం, పరస్పరం ఉటంకించుకోవడం, డబ్బు కట్టించుకుని ఏదైనా అచ్చువేసే జర్నళ్లను ఆశ్రయించడం దీని పర్యవసానాలే. తప్పు యువ పరిశోధకులది అనడం అన్యాయం. ఉద్యోగం దేనితో వస్తుందో దాన్నే వారు సమకూర్చుకుంటున్నారు.

అంకెలు లేకపోతే సిఫార్సులు రాజ్యమేలుతాయన్న వాదన ఉంది. మన విశ్వవిద్యాలయాల నియామకాల గతం ఎరిగినవారెవరూ ఆ భయాన్ని తోసిపుచ్చలేరు. సైటేషన్లు పూర్తిగా నిరర్థకమనీ మేం అనడం లేదు. ఒక పత్రాన్ని తెరిచి చూడాలన్న సూచనగా అవి పనికొస్తాయి. చదవకుండానే తీర్పు చెప్పడానికి వాటిని వాడుకోవడమే అభ్యంతరకరం. సిఫార్సులకు విరుగుడు రాతపూర్వకమైన కారణాలు. జర్మనీ పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీ 2010లోనే దరఖాస్తుదారు జీవన వివరాల్లో ఐదు ప్రచురణలకు మించి చూపవద్దని నిర్దేశించింది. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ అభ్యర్థి ఎంచుకున్న ఐదు పత్రాలనే స్వీకరించి, ఆ రంగంలో పనిచేస్తున్న బయటి నిపుణులతో చదివించి, ఒక్కో పత్రంలో కొత్తదనమేమిటో రాయించి, ఆ అభిప్రాయాన్ని అభ్యర్థికి అందజేయాలి. ఖాళీల భర్తీకి ప్రకటన ఇచ్చే ముందే ఈ నిబంధనను అందులో చేర్చాలని కోరుతున్నాం.