ఆ మున్ట్ నోరు కాదండీ బాబూ

జర్మన్ చట్టంలో 'ఫోర్‌మున్ట్' అని ఒక మాట ఉంది. తల్లిదండ్రుల అండ లేని మైనర్‌కి కోర్టు పెట్టే సంరక్షకుడు. ఈ మాటని విడగొట్టి చెప్పే కథ ఒకటి బాగా తిరుగుతోంది: 'ఫోర్' అంటే ముందు, 'మున్ట్' అంటే నోరు, కాబట్టి నోరులేని బిడ్డ తరఫున ముందుకొచ్చి మాట్లాడేవాడట! ఎంత ముద్దుగా ఉందో. నాకు మాత్రం విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

జర్మన్‌లో నోటిని మున్ట్ అనే మాట నిజమే. కానీ పాత జర్మన్‌లో అలాగే పలికే మాట ఇంకోటి ఉండేది. దానికి అర్థం చెయ్యి, రక్షణ. లాటిన్‌లో చేతిని 'మానుస్' అంటారే, దానికి చుట్టం. వాడుకలోంచి అది ఎప్పుడో పోయింది. చట్టం మాటల్లో మాత్రం ఇరుక్కుని మిగిలింది.

ఇంతకీ ఆ చెయ్యి ఎవరిది? ఇంటి యజమానిది. భార్యాపిల్లలంతా దాని కిందే. కాపాడతాడు, కాదనను. కానీ ఆస్తి, పెళ్లి, కోర్టు వ్యవహారం, అన్నిట్లో ఆయన మాటే చెల్లాలి. ఆడపిల్లకి పెళ్లయితే తండ్రి మున్ట్ కింద నుంచి మొగుడి మున్ట్ కిందకి. రోమన్లూ అంతే, భార్య మీద భర్తకుండే అధికారాన్ని మానుస్ అనే పిలిచారు. ఇదంతా పాతకాలం గొడవ అనుకోకండి. 1900లో అమల్లోకొచ్చిన జర్మన్ సివిల్ కోడ్‌లో కాపురం విషయాల్లో నిర్ణయం భర్తదే అని రాసుంది. పశ్చిమ జర్మనీలో 1958 దాకా ఆ సెక్షన్ కోడ్‌లోంచి పోలేదు!

నోరు కథతో ఈ పెత్తనమంతా మాయం. మిగిలేది ఒక దయగల లాయరు బాబాయి. అదీ నా మంట.

'మ్యూండిష్' అంటే మేజర్ అయినవాడు. ఇదీ ఆ చేతి కుటుంబమే. మతిస్థిమితం లేదనో తాగుబోతనో పెద్దవాళ్ల హక్కులు లాగేసుకోవడాన్ని 'ఎంట్‌మ్యూండిగుంగ్' అనేవారు. 1992లో దాన్ని రద్దు చేసి, పెద్దవాళ్లకి ఫోర్‌మున్ట్ బదులు 'బెట్రోయర్' అని మెత్తటి పేరుతో సహాయకుణ్ణి పెట్టారు. పేరైతే మారింది. కానీ అన్ని వ్యవహారాలకీ బెట్రోయర్ ఉన్నవాళ్లకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉండేది కాదు. అలా 80 వేల మందికి పైగా ఉండేవారు. ఆ నిషేధం చెల్లదని రాజ్యాంగ కోర్టు తేల్చింది ఎప్పుడో తెలుసా? 2019లో.