మహారాజశ్రీ ఫీజు బకాయి గారి దివ్యసముఖమునకు

పేద విద్యార్థుల కాలేజీ ఫీజు తానే కడతానని చెప్పి సర్కారు ఇంకా కట్టని సొమ్ము రూపంలో వెలసిన గౌరవనీయులైన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి గారికి, బీటెక్ పాసై కూడా ఆ సంగతి రుజువు చేసుకోలేని ఒక విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం, మిమ్మల్ని మోస్తున్న మేము ఏదోలా ఉన్నాం.

ముందుగా మీ ఆరోగ్యానికి అభినందనలు. ఏటేటా ఒళ్లు చేస్తున్నారు. తెలంగాణలో మీ బరువు ఎనిమిది వేల కోట్లని కొందరు, పది వేల కోట్లని కాలేజీ యాజమాన్యాలు చెబుతున్నాయి. సర్కారు వారి తూకంలో మాత్రం మీరు ఎప్పుడూ కాస్త సన్నగానే ఉంటారు. మేం చదివే కాలేజీలో ఫ్యాన్లు మారలేదు, ల్యాబులో కంప్యూటర్లు మారలేదు. నా నాలుగేళ్ల చదువులో కళ్లెదుట ఎదిగింది మీరొక్కరే.

మీ వంశం గురించి నాకు తెలిసింది చెబుతాను, తప్పుంటే దిద్దండి. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు కూడా విస్తరించినప్పుడు కూలికెళ్లే వాళ్ల పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్లారు. ఇది వెటకారం కాదు. మా ఊరి మొదటి ఇంజనీరు ఆ బ్యాచే. ఆ పథకం వెనకాలే మీరూ నడిచొచ్చారు. అప్పటినుంచి మిమ్మల్ని కన్నవారెవరో తేలలేదు. కుర్చీలో ఉన్నవారిని అడిగితే పాత ప్రభుత్వం వదిలివెళ్లిన బిడ్డ అంటారు. దిగిపోయినవారిని అడిగితే మేం దిగేనాటికి ఇంత లేడు, వీళ్ల చేతిలోనే పెరిగాడు అంటారు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో మీ కథ ముగించి ‘ఫాస్ట్’ అనే కొత్త పథకం తెస్తామన్నారు. కుటుంబం 1956 నాటికే తెలంగాణలో ఉన్నట్టు చూపాలన్నారు, వ్యవహారం హైకోర్టుకెళ్లింది, మరుసటి ఏడాదికే ఫాస్ట్ రద్దయి పాత పథకమే మిగిలింది. మీకు చెక్కుచెదరలేదు.

ఆంధ్రాలో ఉన్న మీ దాయాదుల సంగతీ వింటూనే ఉన్నాం. అక్కడ పథకానికి ‘విద్యా దీవెన’ అని పేరు పెట్టి 2021లో డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఇకపై నేరుగా కాలేజీ ఖాతాలోనే అన్నారు. మా మేనత్త కూతురు అక్కడే చదివింది. వాళ్లింట్లో పాస్‌బుక్కులు పెరిగినంత వేగంగా ఇంకేదీ పెరగలేదట.

ఇందులో నాకు అసూయ కలిగించే విషయం ఒకటుంది. ఇన్నేళ్లుగా తిరుగుతున్న మిమ్మల్ని ఒక్క కాగితం కూడా ఎవరూ అడగరు. నన్ను అడగని కాగితం లేదు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొట్టిగా ఉంది, ఆధార్‌లో పొడుగ్గా ఉంది. ఫీజు దరఖాస్తు పెట్టే ఈపాస్ వెబ్‌సైట్ దృష్టిలో మేం ఇద్దరం. ఆధార్‌కు లింకైన ఖాతా ఏదని చూస్తే, ఎప్పుడో ఇంటర్‌లో తెరిచి మర్చిపోయిన జీరో బ్యాలెన్స్ ఖాతా బయటపడింది. అది సరిచేసి మీసేవలో వేలిముద్ర వేస్తే, మొదటిసారి పడలేదు. అక్కడి అన్న “వేలు తుడుచుకో తమ్మీ” అన్నాడు. నా వేలు శుభ్రంగానే ఉంది, సర్వరే డౌన్.

ఆదాయ పత్రం ముచ్చట కొంచెం పెద్దది. బీసీలకైతే పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. లక్షన్నర అంటే నెలకు 12,500. మా నాయిన ఆటో నడుపుతాడు. గిరాకీ ఉన్న రోజు ఒక లెక్క, లేని రోజు ఒక లెక్క, పోలీసులు చలానా రాసిన రోజు ఇంకో లెక్క. మా నాయిన ఆదాయం ఎంతో మా నాయినకే తెలియదు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) గారికి తెలుసు. ఆయన రాసిన అంకె చూసి మా నాయిన చాలాసేపు మురిసిపోయాడు, అంత వస్తోందని తెలియక ఇన్నాళ్లూ ఊరికే దిగులుపడ్డానని.

ఇక ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు ఇస్తారు. మా బీసీలకు పది వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, లేకపోతే 35 వేలే. కాలేజీల కనీస ఫీజు 2022లో 45 వేలకు పెరిగింది. పేరున్న కాలేజీల్లో లక్షన్నర దాటింది. 35 వేలు మాత్రం 35 వేలుగానే ఉంది. నాది పది వేల పైన ర్యాంకు. పై తేడా నేనే కట్టుకున్నాను, దాని గురించి మీతో పేచీ లేదు. ఆ 35 వేలు కూడా మీ పేరు మీదకు మారిపోవడం గురించే ఈ ఉత్తరం.

అన్నీ సరిగ్గా ఉన్న పిల్లవాడి దరఖాస్తును కాలేజీ వాళ్లు పైకి పంపుతారు. జిల్లా సంక్షేమ అధికారి మంజూరు చేస్తారు. బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. అక్కడ దానికో టోకెన్ నంబరు పడుతుంది. ఆ టోకెనే, బకాయి గారూ, మీరు నివాసముండే భవనం. తిరుపతిలో సర్వదర్శనం టోకెన్ ఇస్తే దాని మీద ఏ రోజు, ఎన్ని గంటలకు లైన్లోకి రావాలో అచ్చేసి ఉంటుంది. ఎంత రద్దీ అయినా ఆ పూటకు కాకపోతే మరో పూటకు స్వామి కనిపిస్తాడు. ట్రెజరీ టోకెన్ మీద నంబరొక్కటే ఉంటుంది. అయినా దాన్ని తక్కువ చేయకూడదు. “టోకెన్లు ఇచ్చేశాం” అని సర్కారు చెప్పొచ్చు, “టోకెన్లే ఇచ్చారు” అని కాలేజీ చెప్పొచ్చు. రెండూ నిజమే.

2025లో మీ దశ తిరుగుతుందేమోనని మేం నిజంగానే భయపడ్డాం. సెప్టెంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్‌కు దిగుతామన్నాయి. సర్కారు పిలిచి మాట్లాడింది. టోకెన్లు పడిన 1,200 కోట్లలో 600 కోట్లు ఇప్పుడు, మిగతా 600 కోట్లు దీపావళికి అన్నారు. దీపావళి వచ్చింది, టపాసులు పేలాయి, డబ్బు పూర్తిగా రాలేదు. నవంబరు 3 నుంచి కాలేజీలు నిజంగానే మూతపడ్డాయి. నాలుగైదు రోజులకు ఉపముఖ్యమంత్రితో చర్చలు జరిగి, మరికొన్ని వందల కోట్ల హామీతో గేట్లు తెరుచుకున్నాయి. ఆ చర్చల గదిలో బల్లకు ఇటువైపు యాజమాన్యాలు, అటువైపు సర్కారు. ఆ డబ్బు ఎవరి పేరు మీద మంజూరైందో ఆ విద్యార్థికి అక్కడ కుర్చీ లేదు. మాకు దక్కింది ఆ నాలుగు రోజుల సెలవు. దాని సిలబస్సు తర్వాత ఆదివారాల్లో చెప్పి సరిచేశారు.

కాలేజీ వాళ్లను ఒక్కమాటతో తిట్టేద్దామంటే అదీ కుదరడం లేదు. నెలల తరబడి జీతం రాక మాకు డేటాబేస్ పాఠం (డీబీఎంఎస్) చెప్పే సారు సెమిస్టర్ మధ్యలోనే వెళ్లిపోయాడు. మిగతా పాఠం యూట్యూబ్‌లో ఎవరో హిందీలో చెబితే విన్నాం. పాపం అనుకుందామంటే, అదే ఏడాది ఆఫీసు వెనకాల కొత్త బ్లాకు లేచింది. మీరు సార్ల జీతాలకు అడ్డం వచ్చినట్టు సిమెంటుకు ఎందుకు అడ్డం రాలేదో తీరిక ఉన్నప్పుడు చెప్పండి.

అసలు విషయానికొస్తాను. నా ఫలితాలు వచ్చాయి. ఒక చిన్న కంపెనీలో ఉద్యోగమూ వచ్చింది. చేరాలంటే ఒరిజినల్స్ చూపించాలి. కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ కిటికీ దగ్గరికెళ్లాను. లోపలున్నాయన తల ఎత్తకుండానే చెప్పాడు: “రెండేండ్ల రీయింబర్స్‌మెంట్ రాలే. డెబ్బై వేలు కట్టి మెమోలు తీస్కపో. సర్కారు ఎప్పుడేస్తే అప్పుడు నీ పైసలు నీకే వాపస్.” విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదని యూనివర్సిటీల పైనుండే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చిందని ఫోన్‌లో తీసి చూపించాను. ఆయన ఆ ఫోన్ ఎంతకు కొన్నావని అడిగాడు.

కంపెనీ హెచ్‌ఆర్ మేడమ్ మర్యాదస్తురాలు. “మీ డాక్యుమెంట్స్ పెండింగ్‌లో ఉన్నాయి” అని వారానికో మెయిల్ పంపింది. మీ పెండింగ్ నాకూ అంటుకుందన్నమాట. చివరికి మా నాయిన ఊళ్లో డెబ్బై వేలు అప్పు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. మీకు లెక్కలతో పెద్ద పని ఉండదు కాబట్టి నేనే వేసి చెబుతాను. నెలకు 1,400. ఏడాదికి 16,800. మీరు రెండేళ్లు ఆలస్యంగా వచ్చినా నా చేతికి అదే డెబ్బై వేలు ఇస్తారు, పైసా ఎక్కువ ఇవ్వరు. సర్కారు వారి అప్పు మీద వడ్డీ కడుతున్నది ఆటో. పేదలకు సర్కారు సాయం చేస్తుందని విన్నాను గానీ, సర్కారుకు మా నాయిన ఫైనాన్స్ ఇస్తున్న సంగతి ఇప్పుడే తెలిసింది. ఇంతకీ అప్పిచ్చినాయన ఈపాస్ దరఖాస్తు అడగలేదు, ఆధార్ లింకు అడగలేదు. ఒక్క ప్రామిసరీ నోటు, రెండు సాక్షి సంతకాలు. సాయంత్రానికల్లా డబ్బు చేతిలో ఉంది.

‘మీరొక్కరే దిక్కా, వేరే స్కాలర్‌షిప్పులు లేవా’ అంటారేమో. ఉన్నాయి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్రం వారిది ఒకటి ఉంది, డిగ్రీ పిల్లలకు ఏడాదికి 12 వేలు. ఇంటర్‌లో మంచి మార్కులుండాలి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. రెండూ నాకు సరిపోయాయి. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు: వేరే స్కాలర్‌షిప్ గానీ, రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ పొందుతున్నవారు అనర్హులు. నేను పొందుతున్నానా లేదా? కాగితం ప్రకారం పొందుతున్నాను. కాలేజీ కిటికీ ప్రకారం పొందలేదు. రాని డబ్బు అనర్హత కోసం వచ్చినట్టు, ఫీజు కోసం రానట్టు. ఈ రెండు వేషాలూ ఒకేసారి వేయగలిగిన మీ నటనకు నంది అవార్డు ఇవ్వాలి.

“ప్రతి విద్యార్థికీ 50 వేలు, లింకు కింద ఉంది, వెంటనే అప్లై చేయండి” అనే వీడియోలు కూడా చూశాం. లింకు నొక్కితే ముందు ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేయమంది, తర్వాత ప్రాసెసింగ్ ఫీజు 199 కట్టమంది. మా రూమ్మేట్ కట్టాడు. వాడికి కనీసం డబ్బు కట్టినట్టు మెసేజైనా వచ్చింది.

మా చెల్లెలు సంక్షేమ హాస్టల్‌లో ఉంది. 2024లో కాలేజీ పిల్లల తిండి ఖర్చు (డైట్ చార్జీలు) నెలకు 1,500 నుంచి 2,100 చేశారు, రోజుకు 70 రూపాయలు. పెంచడం మంచిదే, కాదనను. హాస్టల్ బిల్లులు కూడా అప్పుడప్పుడు మీ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్తుంటాయని వార్డెన్ మేడమ్ అంటుంటారు. ఆమె కిరాణా కొట్టాయనతో మాట్లాడే తీరు చూస్తే ఆ చుట్టరికం అర్థమవుతుంది.

కాబట్టి బకాయి గారూ, మిమ్మల్ని వెంటనే తీరిపొమ్మని అడగడం లేదు. అంత పెద్ద కోరిక కోరే వయసు నాకు దాటిపోయింది. నాకు కావాల్సింది ఒక్క కాగితం. ‘ఇందుమూలముగా ధ్రువీకరించునదేమనగా, నేను సర్కారు వారి బకాయిని, ఈ విద్యార్థి బకాయిని కాను’ అని రాసి, గెజిటెడ్ అధికారి చేత సంతకం పెట్టించి ఇప్పించండి. దాన్ని మూడు జిరాక్సులు తీయిస్తాను. ఒకటి కాలేజీ కిటికీకి, ఒకటి అప్పిచ్చినాయనకి, ఒకటి ఈ ఏడాది అదే కాలేజీలో చేరిన మా తమ్ముడికి. వాడు మొన్ననే మొదటి సంవత్సరం దరఖాస్తు పెట్టాడు. స్టేటస్ చూస్తే మీ పేరే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు
(పేరు టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్నందున రాయలేదు)

జతపరచినవి: ఆదాయ పత్రం జిరాక్సు, ట్రెజరీ టోకెన్ నంబరు, ప్రామిసరీ నోటు నకలు. ఒరిజినల్ మెమోల కోసం కట్టిన డెబ్బై వేలకు రసీదు అడిగితే, సర్వర్ వచ్చాక ఇస్తామన్నారు కనుక జతపరచలేదు.